"నేను చూసుకుంటాలే" అంటే సరిపోతుందా?

పోయిన ఏడాది జూన్ నుంచి నవంబరు దాకా అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నాను. డల్లాస్‌కు కాస్త దూరంలో ఒక అపార్టుమెంటులో ఉంటారు వాళ్ళు. వెళ్ళేటప్పుడు నా పెట్టెల్లో ఏమేం సర్దానో చెబితే మీరు నవ్వుతారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, నల్లకారం, వడియాలు, ఇంగువ డబ్బా, ఆఖరికి అట్లకాడ కూడా. అక్కడ అన్నీ దొరుకుతాయని అందరూ చెబుతూనే ఉన్నారు. అయినా తల్లి మనసు కదా, వినదు. కానీ ఆ పిల్ల పెళ్ళయి అక్కడికి వెళ్ళిన రోజున దానికి అసలు కావలసినదేమిటో నాకు తట్టనే లేదు. తట్టకపోవడం సిగ్గుచేటు కూడా. ఎందుకంటే తెనాలిలో ఒక బ్యాంకు కౌంటరులో ముప్ఫై రెండేళ్ళు కూర్చున్నదాన్ని నేను.

జరిగింది చెబుతాను. ఆగస్టు నెలాఖరులో మా వియ్యంకుడిగారికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. అల్లుడు ఉన్నపళంగా టిక్కెట్టు కొనుక్కుని రాజమండ్రి వచ్చేశాడు. వెళుతూ, "అన్నీ ఆటోమేటిక్‌గా కట్ అయిపోతాయి, నువ్వేం పట్టించుకోకు" అని మా అమ్మాయితో అన్నాడు. తనూ తలూపింది. పెళ్ళయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఆ ఇంట్లో కరెంటు బిల్లు ఎంతొస్తోందో, ఎవరికి కడుతున్నారో, ఏ తేదీకి కట్టాలో తనకు తెలియదు.

సెప్టెంబరు 4న తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. అద్దె అందలేదనీ, వంద డాలర్లు ఆలస్య రుసుము పడిందనీ అందులో ఉంది. అన్నీ ఆటోమేటిక్ అన్నాడు గానీ, అద్దె మాత్రం ప్రతి నెలా అతనే స్వయంగా కడుతున్నాడు. తండ్రి ఆస్పత్రిలో ఉంటే ఎవరికి గుర్తుంటుంది? అతన్ని తప్పు పట్టడం లేదు నేను. ఫోను చేస్తే ఇక్కడ అర్ధరాత్రి. పాపం ఐసీయూ బయట కూర్చుని పాస్‌వర్డ్ చెప్పాడు. అది కొడితే వెంటనే ఒక కోడ్ అడిగింది. ఆ కోడ్ వెళ్ళేది అతని అమెరికా నంబరుకి. ఆ సిమ్ము రాజమండ్రిలో పనిచేయడం లేదు. అదండీ సంగతి. ఇల్లు అక్కడ, మనుషులు అక్కడ, తాళంచెవి మాత్రం గోదావరి ఒడ్డున!

బ్యాంకు ఖాతా నుంచి కడదామంటే, ఖాతా అతని ఒక్కడి పేరు మీదే ఉంది. మా అమ్మాయి చేతిలో ఉన్నదల్లా అతని క్రెడిట్ కార్డు మీద తీసిన అదనపు కార్డు ఒకటి. సరుకులకని ఇచ్చింది. సరే, ఇద్దరం నడుచుకుంటూ అపార్టుమెంటు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ కూర్చున్న అమ్మాయి కంప్యూటరులో చూసి, "లీజులో మీ పేరు కూడా ఉందే, మీకు వేరుగా లాగిన్ ఎందుకు లేదు?" అంది. నాకు నోట మాట రాలేదు. లీజు మీద మా అమ్మాయి సంతకం పెట్టింది. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టిందట, చదవలేదు. భార్యాభర్తలిద్దరూ సంతకం చేశారంటే సాధారణంగా ఆ అద్దెకు ఇద్దరూ బాధ్యులే. అంటే బాకీ తనది కూడా అన్నమాట. తెలుసుకునే దారి మాత్రం తనకు లేదు. ఇంతకంటే అన్యాయమైన ఏర్పాటు ఇంకోటుంటుందా? ఐదు నిమిషాల్లో లాగిన్ ఇచ్చారు. రెండేళ్ళుగా ఐదు నిమిషాలు దొరకలేదు.

ఇక కట్టడం సంగతి. తెర మీద రెండు దారులు చూపించింది. బ్యాంకు ఖాతా నుంచి అయితే రుసుము లేదు. కార్డుతో అయితే నూటికి 2.95 డాలర్లు అదనం. అద్దె 1,800, ఆలస్య రుసుము 100, మొత్తం 1,900. దాని మీద కార్డు రుసుము 56 డాలర్ల 5 సెంట్లు. వేరే దారి లేక కట్టాం. ఆఫీసు వాళ్ళు పోస్టాఫీసు మనీ ఆర్డరు కూడా తీసుకుంటారు. అమెరికా తపాలా ఆఫీసులో దేశం లోపల పంపే మనీ ఆర్డరు ఒక్కోటి వెయ్యి డాలర్ల దాకా ఇస్తారు, ఖర్చు కొద్ది డాలర్లే. కానీ దాన్ని నగదుతో గానీ డెబిట్ కార్డుతో గానీ కొనాలి, క్రెడిట్ కార్డు ఒప్పుకోరు. మా దగ్గర నగదు లేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఏడ్చింది. డబ్బు పోయినందుకు కాదు. "ఆయన నాన్నగారు అలా ఉంటే, ఇంత చిన్న పని కూడా చేయలేకపోయానమ్మా" అంది.

అది చేతకాని పిల్ల కాదండీ. ఇంటరులో ఉన్నప్పుడే మా ఇంటి కరెంటు బిల్లూ, నీళ్ళ పన్నూ, ఫోను బిల్లూ అన్నీ తనే కట్టేది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ మొదలై, తర్వాత ఊళ్ళకీ వచ్చాక, బిల్లులు కట్టే పని ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతికే వచ్చింది. అంతకు ముందు కరెంటాఫీసు దగ్గర ఎండలో వరస. ఆ పైన 2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర కూడా ఫోను చూపిస్తే చాలు. రుసుము అన్న మాటే మనకు అలవాటు తప్పింది. 2020 జనవరి నుంచి యూపీఐ, రూపే డెబిట్ చెల్లింపులకు దుకాణదారు దగ్గర కూడా రుసుము పట్టుకోకూడదన్నారు మన దేశంలో. అలాంటి చోటు నుంచి వెళ్ళిన పిల్లకు, డబ్బు కట్టడానికి కూడా డబ్బు కట్టాలంటే వింతగానే ఉంటుంది.

మరి ఇక్కడ అన్నీ చూసుకున్న పిల్ల అక్కడికి వెళ్ళగానే ఎందుకలా అయిపోయింది? చెబుతాను. మొదటి నెలలో ఒకసారి అడిగిందట, "అద్దె ఎలా కడతారండీ?" అని. "నీకెందుకు, నేను చూసుకుంటాలే" అన్నాడట. అది ప్రేమగానే అన్నాడు. తనూ ప్రేమగానే తీసుకుంది. అక్కడితో ఆ తలుపు మూసుకుపోయింది. పైగా అక్కడ ఇంటికి కాగితం బిల్లులు రావడం బాగా తగ్గిపోయింది. వచ్చేవన్నీ అతని ఈమెయిలుకు వస్తాయి. ఇక్కడైతే కనీసం మీటరు రీడింగు తీసుకునే అబ్బాయి చీటీ చేతిలో పెట్టి వెళతాడు. అక్కడ ఆ చీటీ కూడా కంటబడదు. కంటబడని దాన్ని గురించి ఎవరడుగుతారు?

డబ్బుంది, వడ్డీ పడింది!

అసలు కథ అల్లుడు తిరిగొచ్చాక తేలింది. దేవుడి దయవల్ల వియ్యంకుడిగారు కోలుకున్నారు. సెప్టెంబరు మూడో వారంలో వచ్చిన అల్లుడితో, "బాబూ, ఒక్కసారి మీ బిల్లులన్నీ ఈ బల్ల మీద పెట్టు, నాకూ చూపించు" అన్నాను. అత్తగారు అడిగితే కాదనలేక లాప్‌టాప్ తెచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. ఆ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు తెరిచి చూస్తే బాకీ 4,000 డాలర్లకు పైగా ఉంది. ఆటోపే పెట్టిన మాట నిజమే. కానీ పెట్టేటప్పుడు మూడు గడులుంటాయి. మొత్తం బాకీ కట్టమనేది ఒకటి, కనీస మొత్తం మాత్రం కట్టమనేది ఒకటి, మనం చెప్పినంత కట్టమనేది ఇంకొకటి. ఇతను కనీస మొత్తం అనే గడి నొక్కాడు. ఏడు నెలలుగా అదే కట్ అవుతోంది. ప్రతి నెలా "చెల్లింపు అందింది, ధన్యవాదాలు" అని మెయిలు వస్తోంది. ఇతను అంతా కట్టేస్తున్నాననుకుంటున్నాడు.

ఆ కార్డు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24. అంటే నెలకు నూటికి రెండు. మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటామే, అచ్చంగా అదే. నాలుగు వేల మీద నెలకు 80 డాలర్లు వడ్డీ. ఆ నెల కట్ అయిన కనీస మొత్తం 120. అందులో 80 వడ్డీకే పోతే, అసలుకు జమ అయింది 40. ఏడు నెలల వడ్డీ కూడితే దాదాపు 400 డాలర్లు తేలింది. విచిత్రమేమిటంటే, ఆ నాలుగు వేలూ అతని బ్యాంకు ఖాతాలోనే వడ్డీ రాకుండా ఊరికే పడి ఉన్నాయి. కంప్యూటరు ఇంజనీరు, పెద్ద కంపెనీలో ఉద్యోగం. నేను ఏమీ అనలేదు. అతనే తల పట్టుకున్నాడు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. క్రెడిట్ కార్డు బాకీ గడువులోగా పూర్తిగా కడితే వడ్డీ ఉండదు. కొంచెం మిగిల్చారో, ఆ మిగిలినదానికే కాదు, ఆ తర్వాత కొన్న పాల డబ్బాకీ, బియ్యం బస్తాకీ కూడా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క పడటం మొదలవుతుంది. ఇది చాలామందికి తెలియదు. కనీస మొత్తం అంటే "ఇది కడితే చాలు" అని కాదు, "ఇది కడితే ఆలస్య రుసుము వేయం" అని మాత్రమే అర్థం. అమెరికాలో 2009లో తెచ్చిన కార్డు చట్టం వల్ల, కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో ప్రతి స్టేట్‌మెంటు మీదా ఒక గడిలో అచ్చు వేయాల్సిందే. వేశారు కూడా. చూసినవాళ్ళు లేరంతే. ఆ రోజు మా అమ్మాయే ఆ గడిని వేలుపెట్టి చూపించింది. మొగుడి మొహం చూడాలి అప్పుడు!

ఆ చట్టంలోనే మరికొన్ని మంచి మాటలున్నాయి. కార్డు బిల్లు గడువుకు కనీసం 21 రోజుల ముందు పంపాలి. గడువు తేదీ ప్రతి నెలా ఒకటే ఉండాలి. ఆ రోజు సాయంత్రం 5 గంటల లోపు అందిన డబ్బును ఆలస్యం అనకూడదు. ఆలస్య రుసుము మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. మొదటిసారి సుమారు 30 డాలర్లు, ఆరు నెలల్లో మళ్ళీ ఆలస్యమైతే 40 చిల్లర. పెద్ద కార్డు కంపెనీలు దాన్ని 8 డాలర్లకు తగ్గించాలని 2024లో ప్రభుత్వ సంస్థ నిబంధన తెస్తే, 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని కోర్టు దాన్ని కొట్టేసింది. ఎక్కడైనా డబ్బున్న వాడిదే పైచేయి అనుకోండి.

ఏ బిల్లుకు ఏ దారి?

ఆ రాత్రి మేం వేసుకున్న లెక్క ఇది. మీ అమ్మాయో, కోడలో అక్కడుంటే పనికొస్తుందని రాస్తున్నాను. అద్దె, కరెంటు, నీళ్ళు, పిల్లల బడి ఫీజు లాంటివాటికి తేలికైన దారి బ్యాంకు ఖాతా. బిల్లు వేసేవాళ్ళ వెబ్‌సైటులో ఖాతా నంబరూ, బ్యాంకు రౌటింగు నంబరూ ఇస్తే డబ్బు అక్కడి నుంచి వెళుతుంది. ఈ రెండు నంబర్లూ చెక్కు అడుగున అచ్చయి ఉంటాయి. దీనికి చాలా చోట్ల రుసుము ఉండదు, ఉన్నా ఒకటీ రెండు డాలర్లు. అదే కార్డు ఇస్తే నూటికి రెండున్నర, మూడు అంటారు. దానికి పెట్టిన పేరు సౌకర్యపు రుసుము. ఎవరికి సౌకర్యమో నాకైతే అర్థం కాలేదు. 1,800 అద్దెను ప్రతి నెలా 2.95 వంతున కార్డుతో కడితే నెలకు 53 డాలర్లు, ఏడాదికి 637. మన డబ్బులో యాభై వేల పైమాటే. "కార్డు మీద పాయింట్లు వస్తాయి అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. ఆ పాయింట్లు నూటికి ఒకటో రెండో. మూడిచ్చి ఒకటి తెచ్చుకోవడం ఏం వ్యాపారం?

ఇంకో దారి, మన బ్యాంకు వెబ్‌సైటులోనే బిల్లు చెల్లింపు అని ఉంటుంది. చాలా బ్యాంకులు దీనికి ఏమీ తీసుకోవు. కానీ ఒక మెలిక ఉంది. అవతలివాళ్ళు కంప్యూటరు ద్వారా తీసుకునే ఏర్పాటు లేకపోతే, బ్యాంకు ఒక చెక్కు అచ్చేసి పోస్టులో పంపుతుంది. మనం ఈ రోజు నొక్కితే అది చేరడానికి నాలుగైదు రోజులో, వారమో పడుతుంది. గడువు రేపనగా దీన్ని నమ్ముకుంటే ఆలస్య రుసుము ఖాయం. ఆ దేశంలో ఇంకా చెక్కులు రాస్తున్నారంటే నాకు ఎంత సంతోషమేసిందో! ఇక్కడ చెక్కు చూసి ఎన్నాళ్ళైందో. మా అమ్మాయికి చెక్కు రాయడం దగ్గరుండి నేర్పించాను. నా ముప్ఫై రెండేళ్ళ సర్వీసు అక్కడ పనికొచ్చింది.

ఆటోపే మంచిదే. కానీ ఖాతాలో డబ్బు లేని రోజు అది లాగబోతే, అటు కంపెనీ చెక్కు తిరిగొచ్చినట్టు రుసుము వేస్తుంది, ఇటు బ్యాంకు కూడా వేయొచ్చు. గోరుచుట్టు మీద రోకలిపోటు. దుకాణంలో డెబిట్ కార్డు గీసినప్పుడూ, ఏటీఎంలోనూ ఖాతాలో లేని డబ్బు ఇచ్చి రుసుము వేయాలంటే, 2010 నుంచి బ్యాంకు ముందుగా మన ఒప్పుకోలు తీసుకోవాలి. చెక్కులకూ, ఆటోపేలకూ ఆ రక్షణ లేదు. అందుకే జీతం పడే తేదీ తర్వాతే ఆటోపే తేదీలు ఉండేట్టు చూసుకోవాలి. చాలా కంపెనీలు అడిగితే తేదీ మారుస్తాయి. ఆపాలనుకుంటే, లాగబోయే రోజుకు కనీసం మూడు పనిదినాల ముందు మన బ్యాంకుకు చెబితే వాళ్ళు ఆపాలి. అది చట్టమే.

ఇక క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం. దయచేసి ఆ పని వద్దు. తీయగానే నూటికి ఐదు దాకా రుసుము, ఆ నిమిషం నుంచే వడ్డీ. గడువు అనేదే ఉండదు.

డల్లాస్, హ్యూస్టన్ వైపు కరెంటుది ఇంకో తంతు. అక్కడ చాలా ఊళ్ళల్లో ఏ కంపెనీ దగ్గర కరెంటు కొనాలో మనమే ఎంచుకోవాలి. కొన్ని ప్లానుల్లో నెలకు వెయ్యి యూనిట్లు దాటితేనే తగ్గింపు, 990 వాడితే లేదు. ఏడాది ఒప్పందం అయిపోయిందని మనం చూసుకోకపోతే నెలవారీ ధరకు మార్చేస్తారు, అది సాధారణంగా ఎక్కువే. ఇవన్నీ బిల్లు మీద ఉంటాయి. పగలంతా ఇంట్లో ఏసీ వేసేదీ, తీసేదీ ఎవరు? ఆ బిల్లు చూడాల్సింది ఎవరు మరి?

నాలాగా ఆరు నెలలకు వెళ్ళే అమ్మలకు కూడా ఒక మాట. మన ఇండియా కార్డు అక్కడ గీస్తే, చాలా కార్డుల మీద నూటికి మూడున్నర దాకా విదేశీ మారకం రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం నాలుగు పైచిలుకు. మిషను ఒక్కోసారి "రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా?" అని అడుగుతుంది. మనకు రూపాయలంటే అభిమానం కదా అని అది నొక్కకండి. అలా మార్చే రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. డాలర్లు అని నొక్కండి. ఇంకొకటి, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఫోను చేసి, "గంటలో కరెంటు తీసేస్తాం, గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పండి" అంటే అది నూటికి నూరుపాళ్ళూ మోసం. ఏ కరెంటు కంపెనీ గిఫ్టు కార్డుల్లో డబ్బు అడగదు. బిల్లు ఎప్పుడు కట్టామో తెలిసిన పిల్ల ఆ ఫోనుకు బెదరదు. తెలియని పిల్ల బెదురుతుంది.

పేరు ఎవరిది?

ఇప్పుడు నాకు అసలు కడుపులో ఉన్న మాట. మా అమ్మాయి లాంటివాళ్ళు హెచ్-4 వీసా మీద వెళతారు. పని చేసే అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. 2015 నుంచి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఒక దశ దాటితే భార్యకు పని అనుమతి కోరే వీలుంది. ఈ లోపు "నంబరు లేదు కాబట్టి నీ పేరు మీద ఏమీ రాదు" అని అందరూ చెబుతారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. పాస్‌పోర్టూ, ఇంటి చిరునామా రుజువూ తీసుకుని ఇద్దరూ కలిసి వెళితే జాయింటు ఖాతా తెరిచే బ్యాంకులు చాలా ఉన్నాయి. మేం ఒక చోట కాదంటే ఇంకో చోటికి వెళ్ళాం. అరగంటలో అయింది. పన్నుల లెక్క దాఖలు చేసేటప్పుడు ఐటిన్ అనే నంబరుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దాంతో కార్డు ఇచ్చే బ్యాంకులు కూడా కొన్ని ఉన్నాయి. సంపాదన లేని గృహిణి కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడు, తనకు అందుబాటులో ఉన్న ఇంటి ఆదాయాన్ని చూపుకోవచ్చని 2013లో నిబంధన కూడా సవరించారు. అంతకు ముందు సొంత ఆదాయమే చూపమనేవారు. అదనపు కార్డు మీద పేరుంటుంది గానీ, ఆ ఖాతా మాత్రం భర్తదే. అతను రేపు ఆపేస్తే అది ఒట్టి ప్లాస్టిక్కు ముక్క.

ఆ దేశంలో ఆడవాళ్ళకు ఇది తేలిగ్గా వచ్చిందేమీ కాదు. అమెరికాలో కూడా పెళ్ళయిన ఆడదానికి అప్పు ఇవ్వాలన్నా, కార్డు ఇవ్వాలన్నా చాలా బ్యాంకులు మొగుడి సంతకం అడిగేవి. 1974లో సమాన రుణ అవకాశ చట్టం వచ్చాకే ఆ ఆట కట్టింది. అక్కడివాళ్ళు పోరాడి తెచ్చుకున్నదాన్ని, మన ఇళ్ళల్లో మనం ఒక్క "చూసుకుంటాలే"తో పోగొట్టుకుంటున్నాం.

కొందరు అత్తగార్లు అంటారు, "కొత్త కోడలు వెళ్ళీ వెళ్ళగానే డబ్బు లెక్కలు అడిగితే బాగుంటుందా?" అని. నేనూ ఒక అత్తగారినే, అందుకే చెబుతున్నా. అడిగితే బాగుండదు నిజమే. అడిగించుకోకుండా మీ అబ్బాయే చూపించాలి. నా అల్లుడు మంచివాడు కాబట్టి 156 డాలర్లతోనూ, కాస్త వడ్డీతోనూ పోయింది. భర్త మంచివాడు కాని చోట ఏమవుతుందో మీరు పేపర్లలో చదువుతూనే ఉన్నారు. మంచివాడే అయినా జబ్బు పడొచ్చు, ఉద్యోగం పోవచ్చు, విమానం ఎక్కాల్సి రావచ్చు. ఆ రోజు ఆ పిల్ల దగ్గర ఏ తేదీకి ఏం కట్టాలో రాసున్న ఒక కాగితం, తన పేరున్న ఒక ఖాతా, తన ఫోనుకు వచ్చే ఒక కోడ్ ఉండాలి. ఈ మూడింటికీ కలిపి ఒక్క ఆదివారం పట్టదు.

నేను తిరిగొచ్చే ముందు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి వచ్చాం. అద్దె 1, కరెంటు 14, కార్డు 22, కారు ఇన్సూరెన్సు 27 అని మా అమ్మాయి చేతిరాతతో. కార్డు పక్కన "పూర్తిగా" అని ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు గీసింది. ఈ నెల ఒకటో తేదీన ఫోను చేసి, "అద్దె కట్టేశానమ్మా, రుసుము సున్నా" అంది. మా అల్లుడు ఆ వెబ్‌సైటు పాస్‌వర్డ్ మర్చిపోయాడట. ఇప్పుడు ఏం కావాలన్నా దాన్నే అడుగుతున్నాడట.